ఎడమ పక్క జాగా

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నేను గుర్రాన్ని పగ్గం పట్టుకుని నడిపించింది ఒక్కరోజే. ఈ మాట చెబితే అశోక్ నగర్ టీ కొట్టు దగ్గర పిల్లలు నవ్వుతారు. "గుర్రాల మాస్టరంటివి, గుర్రాన్ని పట్టుకోలేదా అంకుల్?" అంటారు. వాళ్ళు పరీక్షలకు చదువుకునే పిల్లలు. చదువు మధ్యలో వాళ్ళకు దొరికే తీరిక పది నిమిషాలు. ఈ సంగతి పది నిమిషాల్లో చెప్పేది కాదు, అందుకని రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగవాళ్ళు గుర్రం ఎక్కుతారు, దిగుతారు. పట్టుకుని నడవరు. నడిపించడానికి సాయీసు ఉంటాడు. ఊళ్ళో మావాళ్ళ గడీలో పదకొండు గుర్రాలు ఉన్న కాలంలో ఆ పద్ధతికి ఏదో అర్థం ఉండే ఉంటుంది. నేను పుట్టేనాటికి గుర్రాలు లేవు. నా పెళ్ళినాటికి గడీ లేదు. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లోకి మాతోపాటు వచ్చింది ఆ పద్ధతి ఒక్కటే. అదీ, గోడకు వేలాడదీసిన మా తాతగారి కళ్ళెమూ.

మా పెదనాన్న కిరాయి గుర్రాల మీద నేర్పిన సవారీ నాకు అన్నం పెట్టింది. ఊరి బయట ఒక రైడింగ్ స్కూల్లో శిక్షకుణ్ణి. నారాయణగూడ చౌరస్తాలో పొద్దున్నే బస్సు ఎక్కితే గంటకు పైగా ప్రయాణం. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళేవాణ్ణి, స్వారీకి వేసుకునే బ్రీచెస్ ముడతపడకూడదని. స్కూల్లో వాళ్ళు వెనకాల నన్ను 'దొర' అనుకునేవారు. నాకు తెలుసు. వద్దని ఎప్పుడూ అనలేదు.

స్కూల్లో ఏటా చలికాలంలో గుర్రాల పోటీలు జరిగేవి. అందులో జనం ఎగబడి చూసేది డ్రమ్ముల పందెం. మైదానంలో మూడు డ్రమ్ములు ముక్కోణంగా పెడతారు. గుర్రం దూసుకొచ్చి ఒక్కొక్క డ్రమ్మునూ చుట్టి, మూడోది అయ్యాక గీత దాటాలి. మొదటి డ్రమ్మును ఎడమకు తిరిగితే మిగతా రెండూ కుడికి తిరగాలి, కుడితో మొదలుపెడితే మిగతా రెండూ ఎడమకు. డ్రమ్ము పడిపోతే సమయం కలుపుతారు. అందరూ వేగం కావాలనుకుంటారు. వేగం చాలా గుర్రాలకు ఉంటుంది. డ్రమ్మును ఒరుసుకుంటున్నట్టు తిరగడం కొన్నిటికే వస్తుంది.

అలాంటి గుర్రాన్ని నేను చిక్కడపల్లి రోడ్డు మీద చూశాను. పెళ్ళి బరాత్‌లో. తెల్లటి ఆడగుర్రం, నుదుటి మీద అద్దాల పట్టీ, వీపు మీద చెమటతో పెళ్ళికొడుకు. వెనక నుంచి ఒక ఆటో, ముందు నుంచి పటాకుల సరం. బ్యాండువాళ్ళే చెదిరిపోయారు. ఆ గుర్రం మాత్రం వెనక కాళ్ళ మీద బరువు వేసుకుని, నిలబడ్డ చోటే కుడికి గుండ్రంగా తిరిగి, ఆటోకు ముఖం పెట్టి నిలబడింది. పెళ్ళికొడుకు తలపాగా కూడా కదల్లేదు. నేను కూరగాయల సంచితో అక్కడే ఆగిపోయాను.

దాన్ని నడిపించే మనిషిది మా వెనక గల్లీయే. కొన్ని నెలలకు ఒక బరాత్‌లో స్కూటర్ గుద్ది ఆయన మోకాలు దెబ్బతింది. ఇక మైళ్ళకు మైళ్ళు ఊరేగింపులు నడవలేడు. గుర్రాన్ని అమ్ముతాడని తెలిసి నేనే మా స్కూలు యజమానిని తీసుకువెళ్ళాను. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. ఆ రోజుల్లో నేను పిలిచింది 'ఏయ్ బరాత్' అని.

యజమాని గుర్రాన్ని చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు. "దొరగారూ, ఇది పెండ్లిండ్లల్ల ఎగిరే గుర్రం. దీనితోని పందెమేంది?"

"నా మాట మీద కొనండి," అన్నాను. "రెండేళ్ళల్ల పందెం గెలిపిస్త."

కొన్నాడు. అమ్మిన మనిషి దాని మెడ మీద చెయ్యి వేసి ఒక్కటే అడిగాడు. "ఆదివారాలు వచ్చి చూసి పోవచ్చునా సార్?"

"చూద్దాం," అన్నాను.

మొదటి మూడు ఆదివారాలు వచ్చాడు, కాగితం పొట్లంలో టై బిస్కెట్లతో. ఆయన్ను చూడగానే గుర్రం పని మానేసి కంచె దగ్గరికి వెళ్ళిపోయేది. నాలుగో ఆదివారం గేటు దగ్గరే ఆపించాను. శిక్షణ పాడవుతుందని చెప్పించాను. పొట్లం వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోయాడట. ఆ బిస్కెట్లు గుర్రానికి అందాయో లేదో నేను కనుక్కోలేదు.

ఆ గుర్రం మీద సవారీ చేసే అమ్మాయిది నల్లగొండ దిక్కు పల్లెటూరు. పశువైద్యం చదివింది. కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఉన్నప్పుడు గుర్రపుస్వారీ నేర్చుకుంది. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ ప్రభుత్వ పశువుల డాక్టరు ఉద్యోగం పరీక్షకు చదివేది, వారంలో నాలుగు పొద్దులు మా దగ్గర చిన్నపిల్లలకు నేర్పేది. ఇద్దరం ఒకే బస్సు. ఆమె సీట్లో కూర్చుని జంతువుల రోగాల పుస్తకం చదువుకునేది, నేను పక్కన నిలబడేవాణ్ణి.

గుర్రాన్ని తయారు చేయడంలో సగం పని ఓపికే. మొదటి ఆర్నెల్లు డ్రమ్ముల దగ్గరికే తీసుకెళ్ళలేదు. ఇసుకలో నడక, తర్వాత చిన్న పరుగు, గట్టు ఎక్కించడం, దింపడం. పెళ్ళిళ్ళ తిండితో వచ్చిన పొట్ట కరిగింది, తొడలు గట్టిపడ్డాయి. పని అయ్యాక కాళ్ళకు చన్నీళ్ళు. తర్వాత డ్రమ్ముల చుట్టూ ఉత్త నడక, నెలల తరబడి. గుర్రానికి తొందర నేర్పితే మళ్ళీ మరిపించలేం.

కుడికి అద్భుతంగా తిరిగింది. ఎడమకు తిరగలేదు. తిరగలేదంటే, డ్రమ్ముకు మూడడుగుల అవతలి నుంచి పెద్ద వలయంలా తిరిగేది. ప్రతిసారీ అంతే దూరం, కొలిచినట్టు. పందెంలో ఎడమ మలుపు ఒక్కటే ఉండేలా దారి మార్చాం. ఆ ఒక్క మలుపే మమ్మల్ని ముంచేది.

నొప్పేమో అనుకున్నాం. ఆ అమ్మాయి పళ్ళు చూసింది, వెన్ను తడిమి చూసింది, నాలుగు గిట్టలూ చూసింది. ఏమీ లేదు. గిట్టల నాడాలు మార్పించాం. జీను మార్చాం. మొదటి ఏడాది పోటీల్లో ఆఖరి నుంచి రెండోది వచ్చింది. రెండో ఏడాది చలి మొదలయ్యేనాటికి యజమాని చెప్పేశాడు. "ఈ పోటీల దాక చూస్త దొరగారు. మొదటి మూడిట్ల రాకుంటే ఇచ్చేస్త. బేరగాడు వచ్చి చూసి పోయిండు."

ఆ బేరగాణ్ణి నాకు తెలుసు. గుట్టల మీద యాత్రికులను మోయించేందుకు గుర్రాలు కొంటాడు. ఎండలో రోజుకు పదిసార్లు ఎక్కించి దించుతాడు. నడుము పోయిన గుర్రాన్ని ఏం చేస్తాడో నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు మా తాతగారి కళ్ళెం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఇత్తడి బిళ్ళలు, నోట్లోకి వెళ్ళే చోట మెలితిప్పిన ఇనుము. మా ఇంటి గుర్రాలన్నీ దానితోనే దారికొచ్చాయని చిన్నప్పుడు విన్నాను. తగిలించాం. ఎడమ మలుపులో గుర్రం నిజంగానే దగ్గరికి తిరిగింది. నాకు ఊపిరి తిరిగి వచ్చినట్టయింది. ఆ అమ్మాయి వెంటనే దిగిపోయి, గుర్రం మూతి దగ్గర నురగను అరచేత్తో తుడిచి నాకు చూపించింది. ఎర్రగా ఉంది.

"సార్, ఇది కళ్ళెం గాదు, కత్తి," అంది. "దీన్ని పెడితే నేను ఎక్క."

నేనే విప్పి, కడిగి, సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు బస్సులో ఆమె పుస్తకం తెరవలేదు.

"సార్, ఒక్క మాట చెప్త. కోపం రావద్దు."

"వస్తది. చెప్పు."

"దాన్ని సాదినాయన ఉన్నడు గద. మా రీడింగ్ రూమ్ కాడ వాచ్‌మన్ ఇప్పుడు. రోజు అడుగుతడు, నా బిడ్డ ఎట్లున్నదని. మీరు ఒక్కపారి అడగరాదు?"

"నేనా? బరాత్‌ల నడిచెటోణ్ణా?"

"అయితే నేను అడగాల్నా? నేను అడిగితే ఆయన నాకు చెప్తడు, నేను మీకు చెప్త, మీరు కాదంటరు. మీరే పోండ్రి." తర్వాత కిటికీ వైపు తిరిగి అంది. "ఇంక మూడు వారాలే ఉన్నయ్ సార్."

మూడు రోజులు పోలేదు. నాలుగో రోజు సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని అశోక్ నగర్ వెళ్ళాను. రీడింగ్ రూమ్ మెట్ల కింద వందల చెప్పులు, వాటి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. పక్కన పిల్లలు నీళ్ళు తాగే నీలం డ్రమ్ము. నన్ను చూసి కుర్చీ పట్టుకుని లేచాడు.

"కూసోండి సార్."

"వద్దు," అన్నాను. గేటు దగ్గర ఆపించిన ఆదివారం మా ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఆయనే అడిగాడు.

"మంచిగున్నదా సార్ నా బిడ్డ?"

"మంచిగనే ఉన్నది. ఎడమకు తిరుగుతలేదు."

"తిరుగుతలేదా, దూరం బోయి తిరుగుతున్నదా?"

ఎంత దూరమో చేతులతో చూపించాను. ఆయన ఆ చేతుల మధ్య ఖాళీని కాసేపు చూశాడు. నవ్వు మొదలై ఆగిపోయింది.

"అది నా జాగ సార్."

నాకు అర్థం కాలేదు. ఆయన చుట్టూ చూసి, నీళ్ళ డ్రమ్మును చూపించాడు. "మీరు జర గుర్రమనుకోండి."

"ఏంది?"

"గుర్రమనుకోండి సార్. రండి."

నా చొక్కా ఎడమ చేతిని మోచేయి దగ్గర పట్టుకుని, కుంటుకుంటూ డ్రమ్ము చుట్టూ ఎడమకు నడిపించాడు. డ్రమ్ముకూ నాకూ మధ్య ఆయన. ఆయన కాలు తొక్కకుండా ఉండాలంటే నేను అవతలికి జరిగి తిరగాల్సిందే. మూడడుగులు. కొలిచినట్టు.

చెప్పుల దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకడు అన్నాడు. "అంకుల్, ఇది ఏ పోస్టుకు ఫిజికల్ టెస్టు?"

"నీకు రాదులే, చదువుకో పో," అన్నాడు ఆయన. నన్ను వదిలి డ్రమ్ముకు ఆనుకున్నాడు. "తొమ్మిదేండ్లు దాని ఎడమ దిక్కు నేనే నడిచిన సార్. గంత జనంల, గా పటాకులల్ల, నా కాలు మీద ఒక్కపారి గిట్ట పెట్టలే. మూల మలిగేటప్పుడు నాకు జాగ ఇడిసే మలుగుతది. నేను లేనని దానికెవరు చెప్పిన్రు?"

అప్పుడు కూర్చున్నాను, ఆయన కుర్చీలోనే.

పళ్ళు చూశాం, గిట్టలు చూశాం, కత్తి లాంటి కళ్ళెం పెట్టాం. ఆ గుర్రాన్ని లాయం నుంచి మైదానానికి పగ్గంతో ఒక్కసారి నేను నడిపించి ఉంటే, మొదటి మలుపులోనే నా పక్కన అది వదిలిన ఖాళీ నాకు తెలిసేది. సాయీసులకు తెలిసే ఉంటుంది. వాళ్ళను కూడా నేను అడగలేదు.

"ఎట్ల మరి?" అన్నాను.

ఆయన డ్రమ్ము అంచు మీది తడిని అరచేత్తో నెమ్మదిగా తుడిచాడు. పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ పోతున్నారు.

"నేనే పోగొట్టాలె," అన్నాడు.

మర్నాటి నుంచి నారాయణగూడలో బస్సు ముగ్గురం ఎక్కేవాళ్ళం. ఆయన రీడింగ్ రూమ్‌లో మధ్యాహ్నం డ్యూటీకి మార్పించుకున్నాడు. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ నా వైపు చూశాడు. నేను ముందు నడిచి గేటు తీశాను.

ఆయన చెప్పినట్టే చేశాం. ఎడమ డ్రమ్ము తీసేసి, ఆ చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. అందులో తాను కూర్చున్నాడు. నిలబడలేడు కదా. అమ్మాయిని గుర్రం మీద ఎక్కించి తన చుట్టూ తిప్పమన్నాడు. భుజం పక్కన ఉండాల్సిన మనిషి నడుమ కూర్చుని ఉంటే, ఆ గుర్రం మొదటి రోజు అయోమయంలో పడింది. ఆగి, వంగి, ఆయన తల వాసన చూసింది.

"నడువు బిడ్డా, నేనీడనే ఉన్న," అన్నాడు.

నడక. మూడో రోజుకు చిన్న పరుగు. వలయం రోజురోజుకూ చిన్నదైంది. వారం తిరిగేసరికి గుర్రం తోక ఆయన మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా పెద్ద పరుగులో తిరుగుతోంది. ఇసుక ఎగిరి ఆయన తెల్ల చొక్కా నిండా పడేది. నేను కంచె దగ్గర నిలబడేవాణ్ణి. "తొక్కుతుంది, లేవండి," అని అరిచాను ఒకసారి. 'అండి' అన్నానని ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళేటప్పుడు చెబితేగానీ నాకు తెలియలేదు.

రెండో వారం కుర్చీ పక్కన డ్రమ్ము పెట్టాం. తర్వాత కుర్చీ డ్రమ్ము వెనక్కి. తర్వాత పది అడుగుల అవతలికి. తర్వాత కంచె దగ్గరికి. ప్రతిరోజూ తన కుర్చీని తనే ఇంకొంచెం దూరం జరిపించుకునేవాడు. చివరి మూడు రోజులు రాలేదు. "నేను కండ్లబడొద్దు," అన్నాడు. ఆ మూడు రోజులూ గుర్రం కాసేపు కంచె వైపు చూసి, తర్వాత పని చేసింది. డ్రమ్మును ఒరుసుకుని తిరిగింది.

పోటీ రోజు ఆయన్ను రమ్మని అడగడానికి నేనే వెళ్ళాను. జనం వెనక, గుర్రానికి కనిపించని చోట నిలబడనిస్తానంటేనే వచ్చాడు. మైకు, జెండాలు, బిస్కెట్ స్టాళ్ళు, నగరం నుంచి కార్లలో వచ్చిన కుటుంబాలు. బేరగాడు కూడా వచ్చాడు, యజమాని పక్కన కుర్చీలో. మా గుర్రం వంతు పదకొండోది. గీత దగ్గర ఆ అమ్మాయి నా వైపు చూసి తల ఊపింది. నేనూ తల ఊపాను.

గుర్రం కదిలింది. ఎడమ డ్రమ్ము ముందు వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టయి తిరిగింది. ఎంత దగ్గరగా అంటే, ఆ అమ్మాయి మోకాలు తగిలి డ్రమ్ము ఊగింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. నేను కళ్ళు మూసుకోలేదు, అంతవరకే నా గొప్ప. డ్రమ్ము నిలబడింది. కుడి డ్రమ్ము, చివరి డ్రమ్ము ఎలా చుట్టిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. గీత దాటింది.

మూడో స్థానం. మైకులో గుర్రం పేరు తప్పుగా చదివారు. ఫరవాలేదు. యజమాని లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బేరగాడు టీ కోసం వెళ్ళాడు.

జనాన్ని తోసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "చూసిన్రా? డ్రమ్ముకు దానికి నడుమ చెయ్యి పట్టలేదు!"

"చూసిన సార్," అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. కండువాతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు. "నా జాగ లేదు గద ఇగ."

ఇన్నాళ్ళూ నేను ఒక తప్పు సరిదిద్దుతున్నాననుకున్నాను. ఆయనకు మాత్రం మొదటి రోజు, ఆ చెప్పుల మధ్య డ్రమ్ముకు ఆనుకుని నిలబడ్డప్పుడే, తాను పోగొట్టేది ఏమిటో తెలుసు.

పరిగెత్తిన గుర్రాన్ని వెంటనే కట్టెయ్యకూడదు. చెమట ఆరేదాకా నెమ్మదిగా నడిపించాలి. అమ్మాయి దిగి జీను వదులు చేసింది. సాయీసు పగ్గం అందుకోబోయాడు. "ఉండు," అని నేను తీసుకుని, ఆయన చేతికిచ్చాను.

గుర్రం ఆయన్ను చూసింది. పెద్ద ఊపిరి వదిలి, ఆయన జేబు వాసన చూసింది. ఆయన ఎడమ పక్కకు చేరి నడవడం మొదలుపెట్టాడు, కుంటుకుంటూ. మైదానం మూలన నీళ్ళ తొట్టి ఉంది. దాని చుట్టూ ఎడమకు తిరగాలి. తొట్టి దగ్గరికి రాగానే గుర్రం తనంతట తానే మూడడుగులు కుడికి జరిగింది. ఆయనకూ ఆయన కుంటికాలికీ సరిపడా ఖాళీ వదిలి, నెమ్మదిగా తిరిగింది.

ఆయన ఆగిపోయాడు. గుర్రమూ ఆగింది. మెడ మీద నుదురు ఆనించి ఏదో అన్నాడు. నాకు వినిపించలేదు, వినే హక్కూ లేదు.

ఇంకొక చుట్టు తిరిగాక ఆయన మోకాలు ఇక ఒప్పుకోలేదు. ఇంకా పావుగంట నడిపించాలి. సాయీసు కోసం చూశాడు. నేను చెయ్యి చాపాను. అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది.

"మీకు రాదు సార్," అన్నాడు ఆయన.

"చెప్పండి, నేర్చుకుంట."

"పగ్గం గట్టిగ పట్టొద్దు. భుజం పక్కకు నడువుండ్రి, ముందుకు పోవద్దు. కింద చూడొద్దు సార్, అది చూసుకుంటది."

యాభై ఆరేళ్ళ వయసులో మా ఇంటి మగవాళ్ళలో గుర్రాన్ని పట్టుకుని నడిచిన మొదటివాణ్ణి నేనే అయ్యాను. బూట్లు ఇసుకలో కూరుకుపోతున్నాయి. గుర్రం ఒంటి వేడి నా కుడి చెవికి తగులుతోంది. అంత దగ్గరగా, అంత కింద నుంచి గుర్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళ తొట్టి వచ్చింది. నేను కిందికి చూడలేదు. గుర్రం మూడడుగులు జరిగి, నాకూ జాగా ఇచ్చింది.